తుర్సునాలీ కళ్ళు, మంబెత్కుల్ గొర్రె

ఆ ఉదయం తుర్సునాలీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆసుపత్రిలో ఆరోగ్య పత్రం మీద సంతకం, పన్నెండింటికి నారిన్ ఊరి నుంచి కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌కి బస్సు. రేపటిలోగా పత్రం ఇవ్వకపోతే, పదిహేనేళ్ళుగా నడుపుతున్న ఆ బస్సు వేరే డ్రైవరు చేతికి పోతుంది.

నరాల పరీక్ష గదిలో, కొత్తగా చేరిన డాక్టరమ్మ చిన్న సుత్తి పట్టుకుని, "తల కదపకుండా దీన్నే చూడండి" అంది. సుత్తి కుడికి వెళ్ళింది, చెవి దాటింది, ఇంకా వెళ్ళింది. ఆమె మొహం మారింది.

"మీ కనుగుడ్లు వాటంతటవే అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి."

"ఎందుకమ్మా?"

"మెదడు వల్ల కావచ్చు, తాగుడు వల్ల కావచ్చు, ఏమీ కాకపోవచ్చు. రేపు పెద్ద డాక్టరుగారు చూస్తారు."

తుర్సునాలీకి మెదడు ఒక్కటే వినిపించింది. ఆ రోజుకి బస్సు వదిలేసి ఇంటికెళ్ళి చెబితే భార్య బుర్మాకాన్‌కి తాగుడు వినిపించింది. "నాకు తెలీకుండా ఎక్కడ తాగుతున్నావయ్యా?" అని నిలదీసి, మెదడు సంగతి తెలిశాక ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు గోడ అవతల ఉన్న అన్న మంబెత్కుల్ దాకా వెళ్ళింది. గంటలో, తమ్ముడి గండం గడవాలని గొర్రె తెగింది.

"అన్నా, పరీక్ష ఇంకా పూర్తవలేదు కదా."

"పూర్తయ్యాక కోస్తే ఏం లాభంరా? అల్లా ముందే చూడాలి."

మధ్యాహ్నానికి చుట్టాలంతా దిగారు. ఒక్కొక్కరూ గరిటెను డాక్టరమ్మ సుత్తిలా పట్టుకుని, అతని కళ్ళ ముందు నుంచి చెవి వెనక దాకా తిప్పి చూశారు. ప్రతి గరిటెకీ కళ్ళు కొట్టుకున్నాయి. విందులో గొర్రె తల అందుకున్నవాడు దాని కళ్ళలో ఒకటి తిని, రెండోది ఆప్తులకివ్వడం అక్కడి ఆనవాయితీ. కంటి జబ్బుకి కళ్ళే మందని మంబెత్కుల్ రెండూ తమ్ముడికే పెట్టాడు. వాటి మీద తోక కొవ్వు, ఉప్పటి పులుసు.

"తినరా, మళ్ళీ తింటావో లేదో" అని మేనత్త కళ్ళొత్తుకుంది.

మర్నాడు పెద్ద డాక్టరు సుత్తి తీసుకుని, ముందుగా ఆ కొత్త డాక్టరమ్మ కళ్ళ ముందే దాన్ని ఆమె చెవి దాటేదాకా తిప్పాడు. ఆమె కళ్ళూ కొట్టుకున్నాయి.

"అంత చివరికి లాగితే ఎవరివైనా అంతేనమ్మా. కాస్త ఇవతలే ఆపాలి." తుర్సునాలీకి ఇవతలే ఆపాడు. కళ్ళు కుదురుగా ఉన్నాయి. "నీకేం లేదయ్యా."

తుర్సునాలీకి ఏడుపొచ్చినంత పనైంది. ఈలోగా నర్సు అతని చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, డాక్టరుకి చూపించింది.

"రక్తపోటు రెండు వందలా? నిన్న ఏం తిన్నావు?"

"నయమవ్వాలని తిన్నానండీ."

సంతకం వారం తర్వాతే అన్నాడు డాక్టరు. పన్నెండింటి బస్సు కొత్త డ్రైవరుతో బయల్దేరింది. ఇంటి దగ్గర తమ్ముడి నోట రక్తపోటు అన్న మాట వినగానే మంబెత్కుల్ తాడు తీసుకుని, ఈసారి కాస్త పెద్ద గొర్రెను చూడటానికి దొడ్డి వైపు నడిచాడు.