రెండో మేకు

తెల్లవారుజామునే లేచి, మొదటి రైలు పట్టుకుని, రాజధానిలో పది ప్రసిద్ధ ప్రదేశాల ఫోటోలు తీసుకుని, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాలి. చిన్నోడి ప్లాను ఇంతే. ఫోటోగ్రఫీ కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నాడు, సోమవారం ఆ పది ఫోటోలూ కాలేజీలో ఇచ్చెయ్యాలి. పైకి బుద్ధిమంతుడి ప్లానులాగే ఉంది. లోపలి సంగతి వేరు. పదింటిలో తొమ్మిది ఎలా వచ్చినా వాడికి బెంగ లేదు. గడియార స్తంభం మాత్రం అన్నయ్య తీసినదానికంటే బాగా రావాలి.

అన్నయ్య ఫోటో హాల్లో, సోఫా వెనక గోడకి ఉంది. ఎనిమిదేళ్ల క్రితం పెద్దోడు కాలేజీ టూరుకి వెళ్లి తెచ్చాడు. సరిగ్గా గడియారానికి ఎదురుగా గాల్లో నిలబడి తీసినట్టుంటుంది. ఉదయపు ఎండ, చుట్టూ లేస్తున్న పావురాలు. ఆ తర్వాత పెద్దోడు కెమెరా ముట్టుకున్న పాపాన పోలేదు, ఎరువుల ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. అయినా సరే, గ్యాస్ బండ తెచ్చినవాణ్ణి కూడా అమ్మ వదలదు. "మా పెద్దోడు తీశాడు. నేర్చుకోకుండానే!" అంటుంది. ఆ 'నేర్చుకోకుండానే' దగ్గర చిన్నోడి కడుపు భగ్గుమంటుంది. నేర్చుకుంటున్నవాడు వాడే కదా!

చిన్నోడు కోర్సులో చేరిన రోజున అమ్మ ఆ ఫోటో పక్కనే ఇంకో మేకు కొట్టింది. "దీనికి తగ్గది నువ్వు తీసిన రోజు ఇక్కడ పెడతాను నాన్నా" అంది. రెండేళ్లు కావస్తోంది. ఆ మేకుకి గొడుగు వేలాడుతోంది.

"మొదట ఎక్కడికిరా?" అన్నాడు పెద్దోడు కాఫీ తాగుతూ.

"గడియార స్తంభానికి."

కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "అక్కడికెందుకురా? రిపేర్లట. చుట్టూ పరదాలు కట్టేశారట."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో అన్నారులే. పోనీ వంతెన తియ్యి. వంతెన చాలా బాగుంటుంది."

భయం! చిన్నోడికి ప్రాణం లేచొచ్చింది. అన్నయ్య తనని చూసి భయపడుతున్నాడు. రైల్లో ఆ ఆనందంతో కునుకు కూడా పట్టలేదు.

స్టేషను నుంచి స్తంభం దాకా దారిలో తగిలిన నాలుగు ప్రదేశాలనీ నడుస్తూనే నాలుగు నొక్కులు నొక్కేశాడు. స్తంభానికి పరదాలూ లేవు, పాడూ లేవు. కానీ కిందినుంచి ఎటు తిరిగినా గడియారం అడుగుభాగమే కనిపిస్తోంది. అన్నయ్య ఎంత ఎత్తుకి ఎక్కాడు? ఎదురుగా ఉన్నది ఒక్కటే అయిదంతస్తుల భవనం. తొమ్మిది దాటితే ఆ ఎండ ఉండదు. భుజాన మూడు కాళ్ల స్టాండు వేసుకుని పరుగెత్తాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆ స్టాండు చూసి లేచి నిలబడ్డాడు. "కొలతలకేనా సార్? ఇన్నాళ్లకి దయ కలిగిందా! మేడ మీదికి రండి."

కాదనడానికి ఒక్క క్షణం చాలు. కానీ "మేడ మీదికి" అన్న మాట చెవిన పడ్డాక చిన్నోడికి కాదనాలనిపించలేదు. తల ఊపాడు.

ఆ తల ఊపడమే కొంప ముంచింది. మేడ మీద సగం నిండా పూలకుండీలు, సగం నిండా తడి బట్టలు. కుండీలు మూడో అంతస్తు పళ్ల డాక్టరువి, బట్టలు నాలుగో అంతస్తు కుట్టు టీచరువి. ఎవరి హద్దు ఎక్కడిదాకా అని ఆర్నెల్లుగా గొడవ. సర్వే ఆయన వచ్చాడని తెలిసి ఇద్దరూ పరుగున వచ్చారు. స్తంభం కోసం చూస్తే అడ్డంగా పెద్ద నీళ్ల ట్యాంకు. చిన్నోడు స్టాండుకి కెమెరా బిగించుకుని ట్యాంకు పక్కకి జరిగాడు.

"చూశారా, హద్దు ట్యాంకు దాకా!" అన్నాడు డాక్టరు.

చిన్నోడు ఒక నొక్కు నొక్కి ఇటు జరిగాడు.

"హమ్మయ్య, న్యాయం ఇంకా బతికే ఉంది!" అంటూ టీచరు సుద్దముక్కతో వాడి కాళ్ల దగ్గర గీత గీసేసింది. డాక్టరు దాన్ని చెప్పుతో చెరిపేశాడు. వాడు ఎటు జరిగితే అటు ఒక గీత, దాని మీద ఒక చెప్పు. ఒక కుండీ దొర్లింది, తడి దుప్పటి ఒకటి మట్టిలో పడింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద ఇంకో మూడు కాళ్ల స్టాండు పైకొచ్చింది, దాని వెనక అసలు సర్వేయరు.

ఆర్నెల్లుగా మాటల్లేని డాక్టరూ టీచరూ ఒక్క గొంతుతో అరిచారు. "అయితే వీడెవడు? ముందు మా మేడ ఫోటోలు చెరిపించండి!"

కంగారులో చిన్నోడి వేలు 'ఒకటి' బదులు 'అన్నీ' నొక్కింది. నాలుగు ప్రదేశాలూ మేడతో పాటే పోయాయి.

"దొంగని కాదండీ బాబూ! ఈ ఫోటో తీద్దామనే వచ్చాను" అంటూ చిన్నోడు ఫోన్లో అన్నయ్య ఫోటో చూపించాడు.

వాచ్‌మన్ చూసి పకపకా నవ్వాడు. "దీనికా ఇంత హంగామా? హెలికాప్టర్లోంచి తీసిందట ఇది. కింద పటాల కొట్లో డజన్లు వేలాడుతున్నాయి, పోయి కొనుక్కో."

నిజమే. అదే ఎండ, అవే పావురాలు. చిన్నోడు కొట్టు ముందు నిలబడి ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు. ఎనిమిదేళ్లు! గోడకున్నంత సైజుది ఒకటి ఫ్రేముతో సహా కొని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మధ్యాహ్నం రైలెక్కేశాడు. మిగతా ప్రదేశాల మాట దేవుడెరుగు. ఈ సాయంత్రానికి గోడ మీద అన్నయ్య ఉండడు.

ఇంటికొచ్చేసరికి హాల్లో అమ్మ, పక్కింటి అత్తయ్య, పెద్దోడు ఉన్నారు. చుట్టిన కాగితం విప్పి ఫోటోని సోఫా మీద పెట్టాడు.

"అచ్చం అన్నయ్యలాగే తీశావురా!" అంది అమ్మ.

"నేను తియ్యలేదమ్మా. కొట్లో కొన్నాను. అన్నయ్య తెచ్చిందీ ఇదే! రాజధానిలో డజన్ల లెక్కన అమ్ముతున్నారు!"

పెద్దోడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ గోడ వైపు చూసింది, సోఫా వైపు చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"డజన్ల లెక్కనా?"

"డజన్లే! స్తంభం ఎదురుగానే!"

అమ్మ అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "విన్నావా వదినా! మా పెద్దోడు తీసిన ఫోటో రాజధానిలో అమ్ముతున్నారట!"

"అది కాదమ్మా..."

"నువ్వూరుకో! ఎనిమిదేళ్లుగా ఒక్క మాట పైకి చెప్పాడా వాడు? ఏరా పెద్దోడా, నిజమేనా?"

"పోనీలేమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నాడు పెద్దోడు నేల చూపులు చూస్తూ.

"ఆ వినయం చూడు! మరి నీ ఫోటోలేవిరా చిన్నోడా?"

చిన్నోడు ఖాళీ కెమెరాని వీపు వెనక దాచుకున్నాడు.

"రోజంతా తిరిగి ఒక్కటీ తియ్యలేదూ! పైగా అన్నయ్యని చూసి ఏడుపొకటి" అంటూ అమ్మ రెండో మేకుకున్న గొడుగు తీసి వాడి చేతికిచ్చి, కొట్లో ఫోటోని అక్కడ తగిలించింది.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"ఎంతైనా కొట్లోది కొట్లోదే వదినా. పెద్దోడు తీసినదాని అందం దీనికెక్కడిది?"