ఏడు గుంతలు

పొద్దున్నే ఏడు గుంతలు తవ్వి, ఏడు చింతమొక్కలు నాటి, చుట్టూ తుమ్మకంప కట్టి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి అంబలి తాగాలని ఐలేశం అనుకున్నాడు. పెద్ద పనేం కాదు. కానీ కాలు ఒకచోట నిలవడం లేదు. రెండు పోట్లు వేయడం, నకిరేకల్ దారి వైపు చూడటం. రజాకార్ల లారీ ఊళ్లోకి రాకుండా ఈ దారి పక్కనున్న చింతచెట్టును నరికి అడ్డంగా పడేసింది తనే మరి. ఇప్పుడు రజాకార్లు పోయారు, మిలిట్రీ వచ్చింది, రజాకార్లతో కొట్లాడిన కమ్యూనిస్టు సంఘం వాళ్ల కోసం ఊరూరూ గాలిస్తోంది. తనూ సంఘపోడేనని తెలిస్తే జైలే.

తల్లి అండాలుకు ఆ ఫికరేమీ లేదు. వారం వారం అంగడికి పోతూ గంప దించుకునే నీడ పోయిందని నాలుగు నెలలుగా కొడుకును సాధిస్తోంది. ఒకటి నరికినందుకు ఏడు నాటాలని పగిలిన కుండల్లో తనే మొక్కలు పెంచింది.

ఎడ్లు తోలుకొస్తూ యాదయ్య ఆగాడు. "ఏందిరా ఐలేశం, గీ గుంతలెందుకు?"

"నాకేం ఎరుక లేదు."

ఎవరేమడిగినా అదే చెప్పమని సంఘంలో రెండేళ్లు నూరిపోశారు. నోరు అలవాటుపడిపోయింది. చేతిలో గడ్డపార పెట్టుకుని ఇదేం మాటని ఐలేశం నాలుక కరుచుకునేలోపు యాదయ్య వెళ్లిపోయాడు.

ఊళ్లోకి పోయి, "మిలిట్రోళ్లు ఐలేశంతోని బొందలు తవ్విస్తున్నరు. ఏడు" అన్నాడు. ఆ ఏడుగురెవరో తేల్చుకోవడానికి ఎవరూ ఆగలేదు. సంఘానికి ఒక పూటైనా అన్నం పెట్టని ఇల్లు ఆ ఊళ్లో లేదు. కాసేపట్లో ఊరంతా జొన్నచేలల్లో దూరింది. కుంటికాలుతో పరుగెత్తలేక దర్జీ ఫక్రుద్దీన్, గుంతలెందుకో తెలుసు కాబట్టి అండాలు మాత్రమే మిగిలారు.

సరిగ్గా అప్పుడే మిలిట్రీ జీపు వచ్చింది. ఊరు ఖాళీ, దారి పక్కన ఏడు గుంతలు, మధ్యలో ఒక మనిషి. ఆఫీసరుకు అనుమానం పుట్టింది. ఫక్రుద్దీన్‌ను పట్టుకొచ్చి, తన మాటలు తెలుగులో చెప్పమన్నాడు.

"గీ గుంతల్ల తుపాకులు పెడ్తవా అని అడుగుతున్నడు. నిజం చెప్పు బిడ్డా."

"నాకేం ఎరుక లేదు" అంది ఐలేశం నోరు.

సిపాయిలు రెక్కలు పట్టుకున్నారు. అంతలో అండాలు మొక్కల గంపతో వచ్చింది. కొడుకును చూసి కూడా గంప మెల్లగానే దించింది.

"చెట్టు నరికి అడ్డమేసింది వీడే సారూ. గీ ఏడు నాటినంక ఏడికన్న తీస్కపోర్రి."

ఫక్రుద్దీన్ ఒకసారి ఐలేశం ముఖం చూసి, ఆఫీసరు వైపు తిరిగి ఉర్దూలో, "చింతచెట్టు పోయినప్పటి నుంచి వీడికి నిద్ర లేదంటోంది హుజూర్" అన్నాడు. అది అబద్ధం కూడా కాదు.

ఆఫీసరు ముఖం మెత్తబడింది. దగ్గరుండి మొక్కలు నాటించాడు. పోతూ పోతూ ఒక హుకుం ఇచ్చాడు. దాన్ని ఫక్రుద్దీన్ నవ్వాపుకుంటూ చెప్పాడు. "ఇయ్యాల్టి నుంచి గీ దారిల చెట్లకు నువ్వే కాపలా. అంగడి అంగడికి ఠాణకు పోయి, మొక్కలు బతికినయని వేలిముద్ర పెట్టాలె."

"ఎన్నొద్దులు?"

"నీడ వచ్చేదాంక."

చెట్టు నరికినప్పుడు ఎవరికీ దొరకని ఐలేశం, చెట్లు నాటినందుకు పన్నెండేళ్లు ఠాణాకు తిరిగాడు.