ఏటిగట్టు వారి మేనేజర్ల జట్టు

ఏటిగట్టు గ్లోబల్ సొల్యూషన్స్ వారి ఫుట్‌బాల్ జట్టులో ఆటగాళ్ల కొరత ఏర్పడిందని గిట్టనివాళ్లు పుట్టించిన వదంతిని ఎవరూ నమ్మవద్దని యాజమాన్యం నోటీసు బోర్డు మీద ప్రకటించింది. జట్టులో ఉన్నది కొరత కాదు, మేనేజర్ల మిగులు. సమర్థులైన మేనేజర్లు దొరక్క దేశమంతా అల్లాడుతున్న ఈ 1999లో ఒక్క కంపెనీలోనే ఇంతమంది తయారు కావడం హైటెక్ సిటీకే గర్వకారణమని కూడా అందులో ఉంది. ఆ నోటీసు చదివి, తల దించుకుని వెనక్కి వెళ్లిపోయినవాడు సాయిచంద్ ఒక్కడే. ఆ మేనేజర్లలో మొట్టమొదటివాడు అతనే.

సాయిచంద్‌ది కొత్తగూడ. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. కంప్యూటర్ కోర్సు చేసి ఏటిగట్టు వారి దగ్గర ప్రోగ్రామర్‌గా చేరాడు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడతాయని అమెరికా వాళ్లు భయపడుతున్న రోజులవి. ఆ భయం మీద మన దగ్గర చాలా సంసారాలు నిలబడ్డాయి.

కంపెనీ యజమాని బుల్లిబాబు గారు. వారు మొదట భీమవరం దగ్గర రొయ్యలు పెంచేవారు. తెగులొచ్చి చెరువులన్నీ తుడిచిపెట్టుకుపోయాక, తెగులు రాని సరుకేదని ఆలోచించి సాఫ్ట్‌వేర్‌లోకి దిగారు. రొయ్యలకైనా మనుషులకైనా పెరగడానికి కావలసినవి మేతా గాలీ అని వారి నమ్మకం. అందుకే ఆఫీసులో క్యాంటీనూ ఏసీ రెండూ బాగుంటాయి.

ఏటిగట్టు వారికొక పద్ధతి ఉంది. ఎవడైనా ప్రోగ్రాం బాగా రాస్తున్నాడని తెలిస్తే చాలు, నెలాఖరులోగా అతని ముందున్న కంప్యూటర్ తీయించి, మెత్తటి కుర్చీ వేయించి, మేనేజర్‌ను చేసేస్తారు. ఆ తరవాత అతను ప్రోగ్రాం జోలికి వెళ్లకూడదు. వెళితే హోదాకు భంగం. అతని పని అతనికన్నా తక్కువ తెలిసినవాడికి వెళుతుంది. వాడు కిందామీదా పడి నేర్చుకున్నాడంటే వాణ్ణీ పట్టుకుని పైకెక్కిస్తారు. కాబట్టి కంపెనీలో పని తెలిసినవాళ్లకు కొదవ లేదు, వాళ్లను పని ముట్టుకోనివ్వరు, అంతే. ఇందులో వింతేమీ లేదు. మీ ఆఫీసులో ఇలా జరగదని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినవారు కథ ఇక్కడ ఆపేసి వేరే పని చూసుకోవచ్చు.

ఆ ఏడు సైబరాబాద్ కంపెనీలన్నీ కలిసి మిలీనియం కప్పు పేరిట ఫుట్‌బాల్ పోటీలు పెట్టాయి. ఆటలు రాయదుర్గం బండల మధ్య ఉన్న ఖాళీ జాగాలో. సాయిచంద్ చిన్నప్పుడు చెప్పుల్లేని కాళ్లతో బంతి తన్నడం నేర్చుకున్నది ఆ జాగాలోనే. కప్పు ముగిసిన మర్నాడే అక్కడ బండలు పేల్చి పన్నెండంతస్తుల భవనానికి పునాది తవ్వుతారు. అంటే ఫైనల్ మ్యాచే ఆ నేల మీద ఆఖరి ఆట. ఆ ఆట తాను ఆడాలి. సాయిచంద్‌కు ఉన్న కోరిక అదొక్కటే. జీతం పెంచమని గానీ, కుర్చీ మార్చమని గానీ అతను ఎన్నడూ అడగలేదు, అందుకే పై అధికారులకు అతనంటే కాస్త అనుమానం.

మొదటి ఆదివారం మ్యాచ్‌లో సాయిచంద్ రెండు గోల్సు కొట్టాడు. సోమవారం పొద్దున్నే బుల్లిబాబు గారు సభ ఏర్పాటు చేయించారు. హెచ్ఆర్ ప్రవీణ గారు మైకు అందించారు.

"చూడండి బాబూ, జర్మనీలో బెకెన్‌బావర్ అని ఒకాయన ఉన్నాడు. డెబ్భై నాలుగులో కెప్టెన్‌గా ప్రపంచ కప్పు తెచ్చాడు, తొంభైలో మేనేజర్‌గా తెచ్చాడు. బ్రెజిల్‌లో జగాలో అనే ఆయన ఆటగాడిగా రెండుసార్లు గెలిచాడు, మేనేజర్‌గా మళ్లీ గెలిపించాడు. హాలెండ్ క్రైఫ్ సంగతి నేను చెప్పక్కర్లేదు. దీన్నిబట్టి మనం గ్రహించవలసిందేవిటి? గొప్పగా ఆడేవాడే గొప్ప మేనేజర్ అవుతాడు. కాబట్టి ఈ రోజు నుంచి సాయిచంద్ మన జట్టుకి మేనేజర్."

చప్పట్లు సద్దుమణిగాక సాయిచంద్ లేచాడు. "వాళ్లు ముందుగాల ఆడుడు పూర్తి చేసి, తర్వాత మేనేజర్లయిన్రు సార్."

"అక్కడే వాళ్లు పొరపాటు చేశారు," అన్నారు బుల్లిబాబు గారు. "డెబ్భై నాలుగు నుంచి తొంభై దాకా పదహారేళ్లు వృథా. మనం ఆదివారం ఆడితే సోమవారానికి చేసేస్తున్నాం. అదీ మన తెలుగువాడి వేగం."

"నన్ను ఆడనియ్యండి సార్. మేనేజర్‌గ ఇంకొకరిని పెట్టండి."

"ఆడటం వచ్చినవాణ్ణి పక్కనబెట్టి, రానివాణ్ణి మేనేజర్ చేస్తే నలుగురూ నవ్వరటయ్యా," అని వారు ఆప్యాయంగా మందలించారు.

సాయిచంద్‌కు టై, ఒక సెల్‌ఫోను, షామియానా కింద మెత్తటి కుర్చీ ఇచ్చారు. మేనేజర్ బంతిని కాలితో గానీ చేతితో గానీ ముట్టరాదని సర్క్యులర్ వెళ్లింది. కొత్తగూడలో అతని తల్లి సత్తెమ్మ వాడంతా లడ్డూలు పంచింది. కొడుకు ముఖం వేలాడేసుకుని ఇంటికి వస్తే, ఎండకు తిరిగి వచ్చాడనుకుని మజ్జిగ ఇచ్చింది.

రెండో మ్యాచ్‌లో గోల్‌కీపర్ రవికిరణ్ పెనాల్టీ ఆపాడు. అతను కాకినాడ వైపు కుర్రాడు, నెమ్మదస్తుడు. అతన్నీ మేనేజర్‌ను చేశారు. "మీ పక్క కుర్చీ నాదేనటండి," అంటూ సిగ్గుపడుతూ వచ్చి కూర్చున్నాడు. మూడో మ్యాచ్‌లో మనవాళ్లు ఒక్క గోలూ కొట్టలేకపోయారు గానీ, అవతలి కంపెనీ ఆటగాడు పొరపాటున తన గోల్‌లోనే బంతి వేసుకుని మనల్ని గెలిపించాడు. కంపెనీకి ఇంత మేలు చేసినవాణ్ణి పరాయివాడిగా చూడటం ధర్మం కాదని, అతన్ని ఎక్కువ జీతమిచ్చి తెచ్చుకుని మూడో మేనేజర్‌గా వేశారు. అతను చాలా అనుభవజ్ఞుడిలా కూర్చునేవాడు.

ఆ తరవాత ఆట వచ్చినవాళ్లు అయిపోయారు. అయినా పద్ధతి ఆగకూడదు కదా. పడిపోయినప్పుడు ఏడవనివాణ్ణి మేనేజర్ చేశారు. బూటు లేసు చక్కగా కట్టుకున్నవాణ్ణి మేనేజర్ చేశారు. సెమీ ఫైనల్ నాటికి మైదానంలో కన్నా షామియానా కింద మనుషులు ఎక్కువయ్యారు. అవతలి కంపెనీ వారూ మన విధానాన్ని మెచ్చుకుని కాపీ కొట్టి ఉండటం వల్ల వారి పరిస్థితీ అంతే. గంటన్నర ఆడినా ఎవరి బంతీ గోలు దరిదాపులకు పోలేదు. చివరికి బొమ్మా బొరుసూ వేసి మనల్ని ఫైనల్‌కు పంపారు. బొమ్మో బొరుసో సరిగ్గా చెప్పినవాణ్ణి మర్నాడే మేనేజర్ చేశారు. దాంతో జట్టు పూర్తిగా మేనేజర్లతో నిండింది. మొదట చెప్పిన నోటీసు బోర్డు మీదికి ఎక్కింది అప్పుడే.

ఫైనల్ ఎవరు ఆడాలన్న విషయం మీద మేనేజర్లందరూ సమావేశమయ్యారు. "మనమే ఆడుదాం," అన్నాడు సాయిచంద్. మేనేజర్లు ఆడితే చూసేవాళ్లు ఏమనుకుంటారన్నది అందరి బాధ. రవికిరణ్ కూడా బల్ల కేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆటను బయటివాళ్లకు కాంట్రాక్టుకివ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

కాంట్రాక్టు ఐలయ్యకు దక్కింది. హైటెక్ సిటీ భవనాలు లేచేటప్పుడు కూలీలను సరఫరా చేసిన మేస్త్రి ఆయన. భవనాలు లేచాక వాటిలో కూర్చునే ఇంజనీర్లను కూడా తానే సరఫరా చేయడం మొదలుపెట్టి, బోర్డు మీద కన్సల్టెన్సీ అని రాయించాడు. పెద్ద తేడా ఏమీ రాలేదు, లారీ పోయి సుమో వచ్చింది. రాయదుర్గం, గచ్చిబౌలి కుర్రాళ్లను పోగుచేసి ఐలయ్య మనకొక జట్టు కట్టాడు. ఫైనల్‌లో మనతో తలపడే కంపెనీకీ ఆయనే కట్టాడు.

సాయిచంద్ ఆ సాయంత్రమే రాజీనామా చేశాడు.

"కారణం ఏం రాయమంటారు సాయిచంద్ గారూ?" అంది ప్రవీణ.

"ఆడాలె మేడం."

ఆమె కాస్త జాలిగా చూసి, ఆరోగ్య కారణాలని రాసుకుంది.

ఐలయ్య దగ్గరికి వెళితే ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగకుండా జెర్సీ చేతిలో పెట్టాడు. అది ఏటిగట్టు వారి జెర్సీయే. కష్టమంతా ఇంట్లో వచ్చింది.

"మేనేజర్ కొలువు ఇడిసిపెట్టి మేస్త్రి కింద చేరుతవా?" అంది సత్తెమ్మ. "ఏంది బిడ్డా గిట్ల చేస్తివి. వాడల తలెత్తుకొని ఎట్ల తిరగాలె?"

"గా జాగల ఇగ ఆట ఉండదమ్మా. ఒక్కసారి ఆడనియ్యి."

సత్తెమ్మ వెంటనే ఒప్పుకోలేదు. కొడుకు మీద ప్రేమ లేక కాదు, ఆ కుర్చీ మీద కూడా ప్రేమ ఉంది కాబట్టి. "సరే ఆడు," అంది చివరికి. "కానీ వాళ్లు మల్ల కొలువిస్తమంటె కాదనొద్దు. నా మీద ఒట్టెయ్యి." ఆట ఒక్కటే కళ్లముందున్నవాడు ఏ ఒట్టయినా వేస్తాడు. సాయిచంద్ వేశాడు.

ఫైనల్ రోజు రెండు కంపెనీల మేనేజర్లకూ రెండు షామియానాలు సరిపోక, బుల్లిబాబు గారు పెళ్లిళ్ల కాంట్రాక్టర్‌తో మాట్లాడి మూడోది వేయించారు. రెండు జట్లూ ఒకే సుమోలో విడతలు విడతలుగా దిగాయి. సాయిచంద్ బూట్లు కట్టుకుని నేల మీద కాలు మోపాడు. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ బంతి ఎగిరి పక్కకు పోతుందో ఆ పాదాలకు తెలుసు. అవతలి జట్టులో ఉన్నదీ తనతో కలిసి పెరిగినవాళ్లే. చాలా రోజుల తరవాత అతనికి కడుపునిండా గాలి అందింది. నిజంగా సంతోషపడ్డాడు. ఆ గంటన్నరసేపు హైటెక్ సిటీలో నిజంగా పని జరుగుతున్న చోటు అదొక్కటే అయి ఉండాలి.

హాఫ్ టైంలో ఐలయ్య మంచినీళ్లిస్తూ చెప్పాడు. "సికింద్రాబాద్ల లీగుకు నా టీము పోతున్నది. వస్తవా? సాల్‌భర్ ఆటనే. ఫికర్ చెయ్యకు, కుర్సీ గిర్సీ ఏం ఉండదు." ఏడాది పొడుగునా ఆట. సాయిచంద్ వెంటనే తల ఊపాడు.

ఆఖరి నిమిషాలు వచ్చేసరికి ఇరువైపులా చెరో గోలు. అప్పుడు బంతి సాయిచంద్ కాళ్ల దగ్గరికి వచ్చింది. ఇద్దరిని దాటాడు. గోల్‌కీపర్ ముందుకు ఉరికి జారిపడ్డాడు. ఎదుట గోలు ఖాళీగా ఉంది, తల్లి చంకలో పిల్ల కూడా వేయగలిగినంత దగ్గరగా. తలెత్తి చూస్తే గోలు పక్కనే షామియానా. దాని ముందు పూలదండ పట్టుకుని బుల్లిబాబు గారు, కవరు పట్టుకుని ప్రవీణ. వాళ్ల వెనక సత్తెమ్మ, కొత్త చీరలో.

గోలు కొడితే మేనేజర్. మేనేజర్ అయితే ఒట్టు. ఒట్టు ఉంటే సికింద్రాబాద్ లేదు, లీగు లేదు, ఈ జన్మకు బంతి లేదు. అతను ఆటగాడిగా పుట్టాక ఎన్నడూ చేయని పని అప్పుడు చేశాడు. కావాలనే బంతిని బండల మీదుగా దూరంగా తన్నేశాడు. ఈల మోగింది, ఆట సమంగా ముగిసింది.

బుల్లిబాబు గారు దండతో సహా మైకు దగ్గరికి నడిచారు.

"ఇందాక హాఫ్ టైంలో అవతలి కంపెనీ వారు మనకి పెద్ద ప్రాజెక్టు ఇస్తామని మాటిచ్చారండి. ఈ సంగతి మైదానంలో ఎవరికీ తెలియదు. అయినా మన సాయిచంద్ ఏం చేశాడో చూశారా? ఖాళీ గోలు ఎదురుగా ఉన్నా కాబోయే క్లయింటు మనసు నొప్పించలేదు. గోలు కొట్టడం ఎవడైనా కొడతాడు. అందరూ చూస్తుండగా కొట్టకుండా రావడం, వచ్చి తలెత్తుకుని నిలబడటం, ఇది మేనేజర్ స్థాయి కాదు బాబూ. ఈ క్షణం నుంచి ఇతను మన జనరల్ మేనేజర్."

ప్రవీణ కవరు మీద పదవి కొట్టేసి పైన కొత్తది రాసింది. అవతలి కంపెనీ వారు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఐలయ్య నిట్టూర్చి, జెర్సీ విప్పి ఇమ్మన్నట్టు చెయ్యి చాపాడు. బంతి తీసుకురావడానికి బండల వైపు ఎవరూ వెళ్లలేదు.

సాయిచంద్ తల్లి దగ్గరికి నడిచాడు. "అమ్మా, నేను కావాలనే అవతలికి కొట్టిన," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతని కళ్లు నిండాయి.

"ఎర్కే బిడ్డా," అంది సత్తెమ్మ, కొంగుతో అతని ముఖం తుడుస్తూ. "నువ్వు కొట్టలేక కాదని నాకు ఎర్కలేదా. ఎటు కొడితే ఏంది గానీ, గంత మంచి కుర్సీ ఏసిన్రు గద. కూసో."

సాయిచంద్ ఆ కుర్చీ ముందు నిలబడి ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ ఒక్క క్షణానికే, అతను కాదంటే తాము సిద్ధమని చెప్పడానికి జనంలోంచి చాలామంది లేచి ముందుకు వచ్చారు. ఆ తోపులాటలో మీ మోచెయ్యి నాకు గట్టిగానే తగిలింది.