గ్రాంటు వస్తన్నాది

అమెరికా దేశంలో జార్జియా అనే రాష్ట్రంలో 1872వ సంవత్సరంలో జరిగిన ప్రెసిడెంటు ఎన్నిక, వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు మా పిడకలవలస ఎలిమెంటరీ స్కూల్లో జరుగుతుందని సమితి బి.డి.ఓ. నగరేశ్వరరావు గారు ప్రకటించారు.

తొంభై ఆరేళ్ళు ఆలస్యమైందని ఆయన నొచ్చుకోలేదు. మా సమితిలో అంతకన్నా ఆలస్యమైన పనులున్నాయి. దిగువ వీధి నుయ్యి ఒకటి.

బి.డి.ఓ. గారు సామాన్యులు కారు. పైనుంచి ఏ సర్క్యులరు వచ్చినా అక్షరం పొల్లుపోకుండా అమలు జరిపే మనిషి. కోళ్ళ వారోత్సవం చెయ్యమంటే కోళ్ళకి పూలదండలు వేసి, ఊరేగించి, సాయంత్రం వాటితోనే విందు ఇచ్చినవారు. ఈసారి ప్రజలకు ప్రజాస్వామ్యం నేర్పు పక్షోత్సవం జరపమని వచ్చింది. ఎలా నేర్పాలో అందులో లేదు. దైవికంగా, బడిపిల్లలకని వచ్చిన అమెరికా పాలపిండి డబ్బాల మధ్య ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. జార్జియా ఎన్నిక గురించి. ఊళ్ళో బి.ఏ. ప్యాసైన మేష్టర్ని నేనొక్కణ్ణే కనక తెలుగు చెయ్యమని నాకిచ్చారు. తాను మాత్రం మొదటి పేజీ, చివరి పేజీ చదివారు.

"ఫైలైనా పుస్తకమైనా నాది అదే మెథడు, మేష్టారూ. మధ్యలో ఉండేవన్నీ డీటెయిల్సు," అన్నారు.

మొదటి పేజీలో ఇద్దరు పోటీ చేశారని ఉంది. ఒకరు అప్పటికే ప్రెసిడెంటుగా ఉన్న గ్రాంటు గారు. రెండోవారు గ్రీలీ గారు, పత్రికాధిపతి. చివరి పేజీలో గ్రాంటు గారే మళ్ళీ ప్రెసిడెంటు అయ్యారని ఉంది.

ఆ రెండు పేజీలూ పట్టుకుని మేం పంచాయితీ ప్రెసిడెంటు నరసింగరావు గారింటికి వెళ్ళాం. నరసింగరావు గారు పన్నెండేళ్ళుగా మాకు ప్రెసిడెంటు. అందులో మొదటి అయిదేళ్ళూ జనం ఎన్నుకున్నారు. మిగతా ఏడేళ్ళూ ఎన్నిక వాయిదా పడుతూ వచ్చింది. ఒకసారి తుపాను వల్ల, ఒకసారి కోర్టు స్టే వల్ల, ఒకసారి కారణమే దొరక్క.

"మీరు గ్రాంటు, ప్రెసిడెంటు గారూ," అన్నారు బి.డి.ఓ. గారు.

"ఎంత?" అన్నారు నరసింగరావు గారు.

విషయం వివరించాం. ఆయన మొహం వాడిపోయింది. "ఎలక్సను మాట నా దగ్గిర ఎత్తకండి బాబూ. నాకు బీపీ."

"ఉత్తుత్తి ఎలక్షనండీ. పైగా గెలిచేది మీరే. ప్రింట్లో ఉంది."

బి.డి.ఓ. గారు చివరి పేజీ మీద వేలు పెట్టి చూపించారు. నరసింగరావు గారికి ఇంగ్లీషు రాదు గాని, వేలు పెట్టిన చోట అచ్చు బాగా నల్లగా ఉంది. ఆయన తృప్తిపడ్డారు.

"గెలుపు ముందే అచ్చేసీసిన ఎలక్సనైతే ఏడాదికి రెండు పెట్టండి, నాకేటి? మరి ఆ రెండోవోడు ఎవుడు?"

రెండోవారు పత్రికాధిపతి కావాలి. మా ఊళ్ళో పత్రికలతో సంబంధం ఉన్న మనిషి దేముడమ్మ ఒక్కతే. బస్సాగే చోట పకోడీలు వేస్తుంది. చీపురుపల్లి నుంచి పాత పేపర్లు మోపులుగా తెచ్చుకుని పొట్లాలు కడుతుంది. చదువు లేదు, వెనక మొగుడు లేడు, ఉండేది దిగువ వీధిలో.

"ఎదురు నిలబడ్డోల్లంటే ఇలగ ఉండాలి," అన్నారు నరసింగరావు గారు.

దేముడమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "గెలిస్తే నాకేటొస్తాది?" అంది.

"అమెరికా ప్రెసిడెంటువి అవుతావు," అన్నాను.

"అదుంచండి మేష్టారూ. పెసిరెంటయితే మా ఈదిలో నుయ్యి తవ్వించొచ్చా, లేదా?"

"ప్రెసిడెంటు తలుచుకుంటే ఎన్ని నూతులైనా తవ్వించొచ్చు," అన్నారు బి.డి.ఓ. గారు, అమెరికాని ఉద్దేశించి.

"అయితే నిలబడతాను."

దిగువ వీధి ఆడవాళ్ళు మైలు దూరం నడిచి, గెడ్డ ఇసకలో చెలమ తోడుకుని నీళ్ళు తెచ్చుకుంటారు. కిందటేడు దేముడమ్మ కోడలు నీలవేణి నిండుబిందెతో గెడ్డగట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి ఆ బిందె అత్తగారి నెత్తికెక్కింది.

గ్రీలీ గారికి గెడ్డం ఉన్నట్టు పుస్తకంలో బొమ్మ ఉంది. బి.డి.ఓ. గారు దూదితో గెడ్డం చేయించి తెచ్చారు. "నూనె మూకుడు కాడ గెడ్డమేటి బాబూ? నిప్పంటుకుంటే మీ అమెరికా అంతా తగలడిపోద్ది," అని దేముడమ్మ దాన్ని దీపం వత్తులకి వాడుకుంది.

టముకు వేసే కొండబాబుకి నేనే ప్రకటన రాసిచ్చాను. మరీ పొడుగుగా ఉందని అతను అందులోంచి అమెరికానీ, జార్జియానీ, 1872నీ తీసేశాడు. మిగిలింది వీధి వీధినా వాయించాడు.

"ఆదోరం నాడు పెసిరెంటు ఎలక్సనహో!"

ఊరు ఉలిక్కిపడింది. ఇది అమెరికా ప్రెసిడెంటుకర్రా, మనకి కాదు అని నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. చేలోంచి వస్తూ నారాయణమ్మ నన్ను నిలబెట్టేసింది.

"మన పెసిరెంటు ఎవులో మనల్ని ఎలాగా అడగట్లేదు కదా మేష్టారూ. ఆల్ల పెసిరెంటు గురించైనా అడిగినారు. అదే పదేలు. ఎందుకు సెడగొడతారు?"

ప్రచారం మొదలైంది. నరసింగరావు గారి మనుషులు గోడలనిండా 'మీ ఓటు గ్రాంటుకే' అని రాశారు. ఎడ్లబండి మీద మైకు కట్టి, "గ్రాంటు వస్తన్నాది! గ్రాంటు వస్తన్నాది!" అని ఊరంతా తిప్పారు. బండి బస్సాగే చోటికి వచ్చేసరికి దేముడమ్మ పకోడీలు తీసే చట్రం ఎత్తి నిలబడింది.

"పన్నెండేల్లబట్టి గ్రాంటు వస్తన్నాది, వస్తన్నాది అంటన్నారు. వచ్చింది ఎవులింటికి ఎల్లిపోనాదో సెప్పరు. మల్లీ దానికే ఓటెయ్యాలంట! ఓలమ్మా, నా ఓటు నీల్లకి. మీ ఓటు?"

బస్సు దిగినవాళ్ళు, ఎక్కాల్సినవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. బస్సు గరివిడికి పావుగంట ఆలస్యంగా వెళ్ళింది. 'అమెరికా రాజకీయాలలో ప్రజల పరిజ్ఞానం అమోఘం' అని బి.డి.ఓ. గారు డైరీలో రాసుకున్నారు.

పుస్తకం మధ్య పేజీల్లో ఒక డీటెయిలుంది. ఆ కాలంలో ఓటుచీటీలు ప్రభుత్వం అచ్చువేసేది కాదట. ఏ పార్టీ చీటీలు ఆ పార్టీయే పంచేది. ఓటరు తనకి నచ్చినవారి చీటీ పట్టుకొచ్చి పెట్టెలో వేసేవాడు. ఇది చెబితే బి.డి.ఓ. గారు ముచ్చటపడి అలాగే కానిమ్మన్నారు. అప్పటికి ఆడవాళ్ళకి ఓటు లేదని ఇంకో డీటెయిలు కూడా ఉంది. అది నేను చెప్పలేదు.

నరసింగరావు గారు తన చీటీలు విజయనగరంలో పెళ్ళి శుభలేఖలు వేసేచోట వేయించారు. గులాబీరంగు అట్ట, బంగారపు అంచు, పైన వినాయకుడు, నడుమ కోరమీసంతో ఆయన ఫోటో, కింద జిగేలుమంటూ 'గ్రాంటు'. తాంబూలంలో పెట్టి ఇంటింటికీ పంచారు. అలాంటి ఓటుచీటీ అమెరికావాళ్ళు కలలో కూడా చూసి ఉండరు.

దేముడమ్మ ఏమీ అచ్చువేయించలేదు. "పకోడీ తినీసి, కాయితం పెట్టిలో పడీండి," అంది. అంతే.

ఆదివారం పోలింగు మహా క్రమశిక్షణగా జరిగింది. పాలపిండి డబ్బాయే పెట్టె. నేనే పోలింగ్ ఆఫీసర్ని. సాయంత్రం డబ్బా బోర్లించి లెక్కపెట్టాం. నూనె కాగితాలు మూడు వందల పదకొండు. బంగారపు అంచువి తొమ్మిది. ఆ తొమ్మిదీ నరసింగరావు గారు స్వయంగా వేసినవి.

"మరి నేనిచ్చిన సీటీలు ఏటైనాయి?" అని ఆయన గర్జించారు.

"అంత సక్కటి కాయితం డబ్బాలో పడీమంటారేటి బాబూ? మాకు కల్లు లేవా?" అంది లక్ష్మణమ్మ, ఆయన పాలేరు పెళ్ళాం.

నిజమే. ఆవేళ ఊళ్ళో ఏ ఇంట చూసినా దేవుడి పటాల పక్కన గ్రాంటు గారున్నారు. కొందరు బొట్టు కూడా పెట్టారు. నరసింగరావు గారి భార్య కాంతం గారైతే తన చీటీని పట్టుచీరల మడతల్లో దాచుకున్నారు.

"పింట్లో ఉన్నాదన్నారు కదండీ!" అని నరసింగరావు గారు బి.డి.ఓ. గారి మీదకి లేచారు.

బి.డి.ఓ. గారు తన సర్వీసులో మొదటిసారిగా పుస్తకం మధ్యలో తెరిచారు. "మేష్టారూ, జార్జియాలో గెలిచిందెవరు?"

"గ్రీలీ గారేనండి. దేశం మొత్తం మీద గ్రాంటు గారు, జార్జియాలో గ్రీలీ గారు."

"ముందే చెప్పొద్దూ?"

"డీటెయిల్సు కదా అని ఊరుకున్నానండి."

"తరవాత? తరవాత ఏమైంది?"

"పోలింగయిన నెల తిరక్కుండానే గ్రీలీ గారు కాలం చేశారు. ప్రెసిడెంటుకి ఓటెయ్యడానికి జార్జియా పంపిన పెద్దల్లో ముగ్గురు పట్టుపట్టి పోయినాయనకే వేశారు. చచ్చిపోయినవారికి పడ్డ ఓట్లు లెక్కలోకి రావని కాంగ్రెసు తోసేసింది."

"అక్కడా కాంగ్రెసేనా?"

"చట్టసభ పేరండి."

"పేరేదైతేనేటి? నాయం తెలిసినోల్లు," అన్నారు నరసింగరావు గారు. ఆ సాయంత్రం ఆయన నవ్వడం అదే మొదలు.

పుస్తకం ప్రకారమే పోవాలని బి.డి.ఓ. గారు నిర్ణయించారు. కరణం గణపతిరావు గారు చావుపుట్టుకల రిజిస్టరుతో వచ్చారు. దేముడమ్మని పిలిపించారు.

"దేముడమ్మా, నువ్వు చచ్చిపోవాలి," అన్నారు బి.డి.ఓ. గారు, చాలా మర్యాదగా.

"ఎప్పుడు బాబూ?"

"ఇప్పుడే. రిజిస్టర్లో."

"నానొల్లను. పిండి కలిపీసినాను."

నరసింగరావు గారు గొంతు తగ్గించారు. "ఒసే, ఇనుకో. బతికున్నోల్లు అడిగితే నుయ్యి సేంక్షనవదు. అది నేను పన్నెండేల్లు సూసినాను. అదే సచ్చినోల్ల పేరు మీదైతే మెమోరియలు నుయ్యి. కాయితం పెడితే రేపే గ్రాంటు వస్తాది. నీ పేరు మీద, మీ ఈదిలోనే."

దేముడమ్మ తల మీద, బిందె కింద చుట్టకుదురు పెట్టే చోట, వేళ్ళతో తడుముకుంది. అక్కడ జుట్టు రాలిపోయి ఉంటుంది.

"నీల్లు పడతాయా?"

"పడకపోతే నన్నడుగు."

"అయితే రాసీండి. నాను సచ్చిపోనాను."

మరణానికి కారణం ఏమని రాయాలని కరణం గారు అడిగారు. బి.డి.ఓ. గారు ఆలోచించి "అమెరికా" అన్నారు. సాక్షిగా వేలిముద్ర కావలసివస్తే, దగ్గర్లో ఉన్నది ఆవిడే కనక, చనిపోయినావిడ చేతనే వేయించారు.

సంతాపసభ ఘనంగా జరిగింది. నరసింగరావు గారు గద్గదస్వరంతో మాట్లాడారు. ఆయన మాటలకి అందరికంటే ఎక్కువ ఏడ్చింది దేముడమ్మే. రెండు నిమిషాలు మౌనంగా నిలబడి, తరవాత సభికులందరికీ తనే పకోడీలు పెట్టింది. మర్నాడు దిగువ వీధిలో రాయి పాతి, కొబ్బరికాయ కొట్టారు. రాతి మీద 'కీ.శే. దేముడమ్మ స్మారక నుయ్యి' అని చెక్కించారు. నుయ్యి ఆ రాయి పక్కనే వస్తుంది. గ్రాంటు వస్తోంది.

ఆరు నెలలకి నిజం పంచాయితీ ఎన్నిక వచ్చిపడింది. వాయిదాకి ఈసారి ఎవరికీ కారణం తట్టలేదు. దేముడమ్మ నామినేషను వెయ్యడానికి చీపురుపల్లి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడి ఆఫీసరు ఎంతో మంచివాడు. కుర్చీ వేయించి, కరణం గారి చావుల రిజిస్టరులోంచి వచ్చిన కాగితం చూపించాడు.

"చనిపోయినవారు పోటీ చెయ్యడానికి రూల్సు లేవమ్మా."

"నాను నీ ఎదురుగా ఉన్నాను కదా బాబూ!"

"ఈ వేలిముద్ర ఎవరిది?"

"నాదే."

"చూశారా? మీరే ఒప్పుకున్నారు."

ఎన్నిక ఎన్నికలా కనబడాలి కనక నరసింగరావు గారి మీద ఆయన బావమరిది చినబాబు పోటీ చేశాడు. తన ప్రచారంలో చినబాబు "మా బావకే ఓటెయ్యండి" అని అడిగేవాడు.

పోలింగు రోజు పొద్దున్న ఎనిమిదికి తలుపులు తీస్తూనే దేముడమ్మ వచ్చింది. వెనక దిగువ వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. ఓటేసి అటే గెడ్డకి పోదామని చంకల్లో ఖాళీబిందెలతో వచ్చారు. ఈసారీ నేనే పోలింగ్ ఆఫీసర్ని. జాబితా తిప్పి చూశాను.

"నీ ఓటు పడిపోయింది, దేముడమ్మా."

"సచ్చినోల్లు నామినేసను ఎయ్యకూడదన్నారు కదా. ఓటెయ్యొచ్చేటి?"

"అది వేరు, ఇది వేరు. చావుల రిజిస్టరు కరణం గారి దగ్గరుంటుంది. ఓటర్ల జాబితా తాలూకాఫీసులో ఉంటుంది. ఆ రెండూ ఇంతవరకూ ఒకదాన్నొకటి చూసుకోలేదు," అని రూలు చెప్పాను.

"ఎన్నింటికేసినాను?"

"ఏడూ ముప్పావుకి."

"అబ్బో! తలుపులు తియ్యకముందే వచ్చీసినాను."

నా వంక చూసింది, గోడ మీద వేలాడుతున్న గడియారం వంక చూసింది. తరవాత వెనక్కి తిరిగి బిందె ఎత్తుకుంది.

"పదండర్రా. సచ్చిపోయిన నాను ఓటేసినానంటే, తవ్వని నూతిలో నీల్లూ పడే ఉంటాయి."

ఆడవాళ్ళంతా ఆమె వెనకే వెళ్ళిపోయారు. బడి కిటికీలోంచి దిగువ వీధి బాగా కనిపిస్తుంది. రాయి దగ్గర బిందెలు దించుకుని, ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ముందు దేముడమ్మ, ఆమె వెనక కుంటుకుంటూ వచ్చిన నీలవేణి. మధ్యాహ్నం ఎండలో కూడా ఆ వరస చెదరలేదు. ఒక్కరూ తిరిగి ఇటు రాలేదు.

మూడు గంటలయ్యేసరికి వాళ్ళ ఓట్లన్నీ పడిపోయాయి. జాబితాలో ఉన్న వరసలోనే, ఒక్కటీ తప్పకుండా.