అనుభవం ఉన్న మిషన్

"ఇకమీదట మన దిక్కు ఏ గింజా తనకు ఇష్టం వచ్చిన చోట పడదు" అని సంగమేశ్వర్ నారాయణఖేడ్‌లో విలేకరులను పిలిచి ప్రకటించాడు.

ఇన్నేళ్లుగా గింజలు క్రమశిక్షణ లేకుండా పడుతుంటే చూస్తూ ఊరుకున్న నాయకుల తీరును ఆయన ముందుగా ఖండించాడు. ఆ పరిస్థితిని సరిదిద్దడానికే ఖచ్చిత సేద్య సాధన సమితి పుట్టిందని, దానికి అధ్యక్షుడిగా తనను తాను ఏకగ్రీవంగా ఎన్నుకున్నానని వినయంగా తెలియజేశాడు. కొలిచిన దూరంలో, కొలిచిన లోతులో గింజను వేసే ప్రెసిషన్ సీడ్ డ్రిల్లును సమితి కొనబోతోంది. 'ప్రెసిషన్' అనే మాటను ఆయన ఎక్కడా తడబడకుండా పలికాడు. దానికోసం పొద్దున అద్దం ముందు ఎంత సాధన చేశాడో నాగేశ్‌కు తెలుసు. అద్దం పట్టుకున్నది అతనే.

నాగేశ్ పని సంగమేశ్వర్ వెనకాల నడవడం. చూసినంత సులువైన పని కాదది. మరీ దగ్గరగా నడిస్తే ఫోటోలో పడతాడు. మరీ దూరంగా నడిస్తే ఫోన్ అందించలేడు. చదువు ఆపేసిన నాటి నుంచి చేస్తున్నాడు కాబట్టి, ఇప్పుడు చూడకుండానే ఆ దూరం కాళ్లకు తెలిసిపోతుంది.

"మిషన్ కొత్తదా అన్నా, పాతదా?" అని ఒక విలేకరి అడిగాడు.

సంగమేశ్వర్ నవ్వాడు. "పాతది అనకు తమ్మీ. అనుభవం ఉన్నది. కొత్త మిషన్‌కు ఏమెరుక? అది ఒక్క ఎకరం సుత విత్తలే. ఓటేసేటప్పుడు అనుభవం జూస్తవా లేదా?"

విలేకరి అది రాసుకున్నాడు.

"మరి ముందుగాల ఎవల చేన్ల విత్తుతరు?"

ఈ ప్రశ్న అద్దం ముందు రాలేదు. సంగమేశ్వర్ కాస్త వెనక్కి తిరిగాడు. వెనక నాగేశ్ ఉన్నాడు. "గిదిగో, మా నాగేశ్ చేన్లనే! పేదోని చేనుతోనే మొదలు!"

మైకులో తన పేరు వినడం నాగేశ్‌కు అదే మొదటిసారి. ఇల్లు చేరేదాకా అది చెవుల్లో మోగుతూనే ఉంది.

ఇల్లు నాగల్‌గిద్ద మండలంలో ఉంది. తల్లి సాలమ్మ వాకిట్లో కూచుని చేటలో కంది విత్తనాలు ఏరుతోంది. మిరుగు కార్తె తొలి వాన పడి నేల నానింది. పక్క చేను లక్ష్మవ్వ వాళ్లు అప్పుడే ఎడ్లు కట్టి గొర్రుతో విత్తడం మొదలుపెట్టారు.

"రేపు మనకు ఎడ్లు ఇస్తమన్నరురా" అంది సాలమ్మ.

"వద్దమ్మా. మనకు మిషన్ వస్తున్నది. అన్న మైకుల చెప్పిండు."

"ఎప్పుడొస్తది?"

"అన్న జూస్తుండు."

"మీ అన్న జూసేదాక నేల పదును ఆగుతదారా?" సాలమ్మ చేట దించింది. "పోయినేడు పదును పోయినంక ఏస్తిమి, ఏమైంది? మీ నాయిన ఇంకా పట్నంల కూలి అడ్డా మీదనే నిలవడవట్టె. ఈసారి కంది పండితే ఇంటికొస్తనన్నడు. అది యాద్ పెట్టుకో."

నాగేశ్ యాద్ పెట్టుకున్నాడు. కానీ మైకులో పేరు వచ్చాక ఎడ్లు ఎట్లా కడతాడు?

"మిషన్ కొనేకాడ ఒక్కటి జూడు కొడుకా" అంది తల్లి. "మాటలు ఇనకు. మట్టి తీసి గింజ ఉన్నదో లేదో జూడు."

మిషన్ ఎంపికకు ముగ్గురు సభ్యుల బృందం బయలుదేరింది. సంగమేశ్వర్, నాగేశ్, సాంకేతిక సలహాదారు సుధాకర్. సుధాకర్‌కు ఫ్లెక్సీల దుకాణం ఉంది. సమితి ఫ్లెక్సీ మీద సీడ్ డ్రిల్లు బొమ్మ వేసింది అతనే కాబట్టి, ఆ యంత్రంతో అతనికున్న పరిచయం మిగతా సభ్యులకు లేదు.

బీదర్ దాటాక రోడ్డు పక్కన పాత వ్యవసాయ యంత్రాలు అమ్మే యార్డు ఒకటుంది. యార్డు సేటు ముగ్గురికీ కుర్చీలు వేయించాడు.

మొదటి డ్రిల్లు మెరుస్తోంది. సంగమేశ్వర్ దాని చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. "దీని మీద ఒక్క గీత లేదు. ఇది పని జేసిన మొకం కాదు. వద్దు."

రెండోదానికి అక్కడక్కడ తుప్పు ఉంది. సేటు దాని విత్తనాల పెట్టె మూత తెరిచి, లోపల తిరిగే పళ్లెం, దాని అంచున ఒక్కో గింజ పట్టేంత గుంటలు చూపించాడు. చేత్తో చక్రం తిప్పితే గింజలు ఒకటి తర్వాత ఒకటి కిందికి జారాయి. నాగేశ్‌కు అది నచ్చింది.

"ఇది ఎవల తాన పనిజేసింది?" అని అడిగాడు సంగమేశ్వర్.

"ఒక రైతు దగ్గర సార్."

"ఉత్త రైతు తాననా?" సంగమేశ్వర్ మొహం వాడింది.

"ఫోటోల గూడ మంచిగ రాదన్నా" అన్నాడు సాంకేతిక సలహాదారు.

సేటు మనుషులను చదివినవాడు. మూడోదాని దగ్గరికి తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "ఇది ఒక మంత్రిగారి బావమరిది ఫారంలో పనిచేసింది సార్. అందరికీ చూపించను."

సంగమేశ్వర్ తనకు తెలియకుండానే కండువా సర్దుకున్నాడు.

అది ట్రాక్టర్‌కు తగిలించే రెండు సాళ్ల డ్రిల్లు. యార్డు వెనక దున్నిన చెలకలో నడిపి చూపించారు. డ్రిల్లు గీత గీసినట్టు పోతోంది. దాని వెనకాల ఒక సన్నటి మనిషి, రెండు చేతులూ రెండు పక్కలా వేలాడేసి, తల వంచుకుని నడుస్తున్నాడు. అతని చొక్కాకు రెండు పక్కలా సంచుల్లాంటి జేబులున్నాయి.

నాగేశ్ తల్లి మాట మరువలేదు. వాళ్లు ముందుకు పోయాక సాలు పక్కన మోకాళ్ల మీద కూచుని మట్టి తీశాడు. గింజ ఉంది. జానెడు దూరంలో ఇంకొకటి ఉంది. మరో జానెడు దూరంలో ఇంకొకటి.

"అన్నా! ఉన్నయి! జానకొకటి!"

సంగమేశ్వర్ సాలు వైపు చూడలేదు. సన్నటి మనిషినే చూస్తున్నాడు. "ఆయనెవరు?"

"మన మనిషే సార్" అన్నాడు సేటు. "మిషన్ వెనక నడుస్తాడు. దానికి అలవాటు."

సంగమేశ్వర్ సుధాకర్ భుజం మీద చెయ్యి వేశాడు. "జూసినవా? గా రెండిటి ఎనుక ఒక్కడన్న నడిచిండా? ఎనుక మనిషి లేనిదానికి ఇజ్జత్ ఏడిది? గిదే ఖాయం."

అలా శాస్త్రీయంగా ఎంపిక ముగిసింది.

డ్రిల్లును లారీకి ఎక్కిస్తుంటే సన్నటి మనిషి నాగేశ్ దగ్గరికి వచ్చాడు. "హిందె నడెయోరు నీవేనా?" అన్నాడు. నాగల్‌గిద్దలో పెరిగినవాడికి ఆ మాత్రం కన్నడం వస్తుంది. వెనక నడిచేది నువ్వేనా అని అడుగుతున్నాడు.

"నేనే" అన్నాడు నాగేశ్ గర్వంగా. "శాన ఏండ్ల సంది."

ఆ మనిషి మంచిదన్నట్టు తలాడించాడు. తర్వాత నాగేశ్ చొక్కా జేబు వైపు చూసి, జాలిగా నాలుక చప్పరించి వెళ్లిపోయాడు.

సరిహద్దు దాటాక సుధాకర్ ఉలిక్కిపడ్డాడు. "అన్నా, గీ రంగు జూసినవా?"

డ్రిల్లు అచ్చం ఎదుటి పార్టీ రంగులో ఉంది. దాన్ని అలాగే చేనులో దింపితే సాలు సాలుకూ వాళ్ల ప్రచారం చేసినట్టవుతుంది. వెంటనే డ్రిల్లును సుధాకర్ దుకాణం ముందుకు తరలించి రంగు మార్పించారు. రంగు ఆరాలి. రంగు ఆరాక పెద్ద నాయకుని తేదీ దొరకాలి. తేదీ దొరికాక ఆ తేదీ మారింది. తేదీ మారిన ప్రతిసారీ సుధాకర్ ఫ్లెక్సీ మార్చాడు. ఈ సేద్యంలో అందరికంటే ముందు పంట అందుకున్నది అతనే.

నాగేశ్ ఫోన్ మోగింది. "లక్ష్మవ్వ చేన్ల రెండాకులొచ్చినయి" అంది సాలమ్మ. "మన చేన్ల టెంటొచ్చింది."

"జర ఓపిక పట్టమ్మా."

"నేను పడుతనే ఉన్న. నేల పడుతలేదు."

దేవుడు కనికరించి ఇంకో చిన్న వాన కురిపించాడు. తమ కార్యక్రమానికి సహకరించినందుకు సంగమేశ్వర్ ఆ వానకు పత్రికాముఖంగా కృతజ్ఞతలు తెలిపాడు.

ప్రారంభోత్సవం నాడు చేను గట్టు మీద పెళ్లికి వచ్చినంత మంది ఉన్నారు. సాలమ్మ ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించిన విత్తనాలను కొంగున మూటకట్టుకుని ఒక మూల నిలబడింది. డ్రిల్లు పెట్టె నిండా కందులు పోశారు. సంగమేశ్వర్ ట్రాక్టర్ చక్రం మీది రేకుపై కూచుని చెయ్యి ఊపాడు. ఆయన కింద పడకుండా డ్రైవర్ బండిని ఎడ్లకంటే మెల్లగా నడిపాడు. నాగేశ్ అలవాటుగా వెనక నడిచాడు.

సాలు నల్లగా, తిన్నగా పడుతోంది. అందులో గింజ లేదు.

నాగేశ్ వంగి మట్టి తీశాడు. లేదు. పక్క సాలులో తీశాడు. లేదు. పరిగెత్తి ట్రాక్టర్ పక్కకు చేరాడు. "అన్నా, గింజ పడుతలేదు!"

సంగమేశ్వర్ నవ్వు చెదరనివ్వలేదు. పెదవులు కదపకుండా అన్నాడు, "వీడియో నడుస్తుంది. ఎనుకకు పో."

వెనక్కి పోవడం నాగేశ్‌కు వచ్చిన పని. పోయాడు. ముందు ట్రాక్టర్ రేకు మీద అన్న ఊగుతున్నాడు. గట్టు మీద అమ్మ నిలబడి ఉంది. అమ్మ వెనకాల ఎక్కడో పట్నంలో నాయిన నిలబడి ఉన్నాడు. అప్పుడు నాగేశ్‌కు సన్నటి మనిషి జేబులు గుర్తొచ్చాయి.

గట్టు దగ్గర ట్రాక్టర్ మలుపు తీసుకుంటుంటే, పెట్టె మూత ఎత్తి రెండు పిడికిళ్ల కందులు తీశాడు.

సాలమ్మ దగ్గరికి వచ్చింది. "ఏందిరా, పోసినయి మల్ల తీయవడితివి?"

"అరువకమ్మా. నేనే ఏస్తున్న."

"మరి మిషనేం జేస్తున్నది?"

"గీతలు కొడుతున్నది."

సాలమ్మ డ్రిల్లును ఒకసారి, దాని ముందు చెయ్యి ఊపుతున్న మనిషిని ఒకసారి చూసింది. "మీ అన్నకు చెప్పినవా?"

"చెప్పిన. ఎనుకకు పొమ్మన్నడు."

ఆమె కొంగు మూట విప్పి అతని జేబులో పోయబోయింది. సగం గింజలు కింద రాలాయి. "గీ జేబేందిరా, చీమ ఇల్లంత! చొక్కా ముడేసి ఒడి పట్టు. నడువు, జల్దీ. ఉన్న పదునన్న ఆరకముందుకే."

నాగేశ్ రెండు చేతులతో రెండు సాళ్లలో గింజలు వదులుతూ, కాలితో మట్టి తోస్తూ, తల వంచుకుని నడిచాడు. అందరూ ముందున్న నాయకుడినే చూస్తున్నారు కాబట్టి వెనక జరుగుతున్న వ్యవసాయం ఎవరి కంటా పడలేదు.

చివర్లో పెద్ద నాయకుడు స్వయంగా వంగి మట్టి తీశాడు. గింజ దొరికింది. జానెడు దూరంలో ఇంకొకటి దొరికింది. ఆయన గింజను పైకెత్తి మైకు అందుకున్నాడు. "ఈ గింజను చూడండి! ఎక్కడ వేస్తే అక్కడే ఉంది. మన పార్టీలో అందరూ ఇట్లా ఉంటే ఎంత బాగుండు!"

చప్పట్లు చాలాసేపు మోగాయి.

సాలమ్మ చేనులో కంది వరుసగా మొలిచింది. ఆ వరుసల ఫోటో పేపర్లో వచ్చింది. తర్వాత సిర్గాపూర్ దిక్కు వాళ్లు మిషన్ కావాలన్నారు, ఆ తర్వాత అడగని ఊరు లేదు. మిషన్ పోయిన ప్రతి ఊరికీ నాగేశ్ పోయాడు. సమితి అతనికి క్షేత్ర అనుసరణ కార్యదర్శి అనే హోదా ఇచ్చి శాలువా కప్పింది. శాలువాను సాలమ్మ దర్జీకి ఇచ్చి, పాత చొక్కాకు రెండు పెద్ద జేబులు కుట్టించింది.

కంది పండింది. నాగేశ్ తండ్రి ప్రేమదాసు పట్నం నుంచి మూట సర్దుకుని ఇంటికొచ్చాడు. వచ్చిన నాడు కొడుకు ఇంట్లో లేడు. యాసంగి మొక్కజొన్నకు ఏదో ఊళ్లో మిషన్ వెనక నడుస్తున్నాడు. "అయ్య వచ్చిండు, కొడుకు పాయె" అని సాలమ్మ ఫోన్లో అంది. "ఇంటికి ఎప్పుడొస్తవురా?"

"మిషన్ ఆగినప్పుడమ్మా."

మరుసటి ఎండాకాలం సంగమేశ్వర్ మళ్లీ విలేకరులను పిలిచాడు. నేల మీద ప్రెసిషన్ సంపూర్ణంగా సాధించామని, ఇక ఆకాశం నుంచి డ్రోన్లతో మొదలుపెడతామని ప్రకటించాడు. అనుభవం ఉన్న మిషన్‌ను అవసరమున్నవారికి అమ్మేస్తామన్నాడు.

పక్క నియోజకవర్గం నుంచి ఒక అధ్యక్షుడు తన బృందంతో వచ్చాడు. నాగేశ్ వాళ్ల చేనులోనే నడిపి చూపించారు. నాగేశ్ వెనక నడిచాడు. ఇప్పుడు అతనికి కాలి కింద నేల చూడాల్సిన పని కూడా లేదు.

"ఆయనెవరు?" అని అడిగాడు వచ్చిన అధ్యక్షుడు.

"మా మనిషే" అన్నాడు సంగమేశ్వర్. "దానికి అలవాటు."

"మిషన్‌తోని ఆయన సుత వస్తడా?"

నాగేశ్ నడక ఆగింది. గట్టు మీద సాలమ్మ, ప్రేమదాసు ఇద్దరూ లేచి నిలబడ్డారు.

సంగమేశ్వర్ ఒక క్షణం లెక్కలు వేసుకున్నాడు. "లే లే. ఆయన డ్రోన్ ఎనుక నడవాలె. మీకు మీ మనుషులు లేరా ఏంది?"

అవతలి అధ్యక్షుడు చిన్నబుచ్చుకుని తన వెనక్కి చూశాడు. అక్కడ దశరథ్ అనే బొద్దు మనిషి ఫోన్ పట్టుకుని సరిగ్గా ఉండాల్సిన దూరంలో ఉన్నాడు. అధ్యక్షుడు కళ్లతో సైగ చేయగానే పోయి సాలు పక్కన మోకాళ్ల మీద కూచుని మట్టి తీశాడు. అతని మొహం వెలిగింది.

"అన్నా! ఉన్నయి! జానకొకటి!"

మిషన్ అమ్ముడుపోయింది. లారీకి ఎక్కిస్తుంటే దశరథ్ మోకాళ్ల మట్టి దులుపుకుంటూ నాగేశ్ పక్కన నిలబడ్డాడు. "మస్తున్నది తమ్మీ మిషన్. ముందుగాల మా చేన్లనే ఏస్తమన్నడు మా సారు. మైకుల చెప్పిండు."

"మీ సారు ఎనుక నడిచేది నువ్వేనా అన్నా?"

"నేనే. మస్తు ఏండ్ల సంది."

నాగేశ్ గట్టు వైపు చూశాడు. నాయిన తలపాగా చుట్టుకుంటున్నాడు. అమ్మ ఇంటికి పోదాం రమ్మని చెయ్యి ఊపుతోంది. అతను దశరథ్ చొక్కా వైపు చూశాడు. గుండె మీద పెన్ను పట్టేంత జేబు ఒకటే ఉంది.

"అన్నా" అన్నాడు నాగేశ్, "మీ ఊర్ల దర్జీ ఉన్నడా?"