తలకెక్కిన టార్చిలైటు

మా ఆవిడ తేనెటీగలు పెంచుతుంది. నేను ఆవిడకి టార్చిలైటు పడతాను. మా కాపురంలో ఎవరి ఉద్యోగం వాళ్లకుంది.

ఆవిడ ఉద్యోగం ఎలా ఉంటుందంటే, గోడవారన నాలుగు పెట్టెలు, పెట్టెల నిండా ఈగలు. ఒక్క ఈగ కూడా ఆవిడ మాట జవదాటదు. ఇక నా ఉద్యోగం గురించి ఆవిడే చెబుతుంది.

“ఇటు చూపించండి.”

“ఇటే చూపిస్తున్నా.”

“మీరు చూసేవైపు కాదు, నేను చూసేవైపు.”

“నువ్వెటు చూస్తున్నావో నాకెలా తెలుస్తుంది?”

“కట్టుకున్న పెళ్లాం ఎటు చూస్తోందో తెలీని మొగుణ్ణి మిమ్మల్నే చూశా.”

టార్చి పట్టేవాడికి లోకంలో మర్యాద లేదు. పని బాగా జరిగితే మెచ్చుకునేది పని చేసినవాళ్లని. పని చెడితే తిట్టేది టార్చి పట్టినవాణ్ణి. మీలో పట్టినవాళ్లు ఎవరైనా ఉంటే ఈపాటికి తల ఊపుతూ ఉంటారు.

ఇలా ఉండగా పక్కింటాయన గోడమీంచి తల పెట్టారు. ఆయన్ని వీధిలో అందరూ ఫిర్యాదు మాస్టారంటారు. ఎండ కాస్తే ఎండ మీద, వాన కురిస్తే వాన మీద, రెండూ లేకపోతే మా మీద ఫిర్యాదు చేస్తారు.

“రేపు పొద్దున్నే గోడకి రంగు వేసేవాళ్లు వస్తున్నారు. ఈ పెట్టెలు ఇక్కడే ఉంటే పురుగుల మందు కొట్టేవాణ్ణి కూడా పిలుస్తా. ముందే చెబుతున్నా,” అన్నారు.

మా ఆవిడ వెళ్లి ఒక పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా అంత మెత్తగా చెయ్యి వేసిన గుర్తు లేదు.

“మా తమ్ముడి తోటకి పంపించేద్దాం. వాడు చీకటిపడ్డాక ట్రాలీ తెస్తాడు,” అంది చివరికి.

ఈగలన్నీ గూటికి చేరేది పొద్దుగూకాకే. అప్పుడు పెట్టె గుమ్మానికి జాలీ అడ్డంపెట్టి, మూత కదలకుండా తాడు బిగించాలి. రెండు చేతులకీ పనే.

“టార్చి మీరు పట్టాలి,” అంది.

“పట్టను,” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం.

“ఇవాళ టార్చి ఎవరూ పట్టక్కర్లేకుండా చేస్తా,” అన్నాను.

నాది సైకిల్ రిపేరు షాపు. పాత ట్యూబు చేతికిస్తే దేన్నైనా దేనికైనా కట్టగలను. ముందు టార్చిని భుజానికి కట్టుకున్నాను. నా చెవి తప్ప ఇంకేమీ కనపడలేదు. తర్వాత పొట్టకి కట్టుకున్నాను. ఊపిరి పీలిస్తే ఆకాశం, వదిలితే నేల.

“మధ్యలో నా పెట్టెలు కూడా ఎప్పుడైనా కనపడతాయా?” అంది మా ఆవిడ.

“ఊపిరి బిగబడితే కనపడతాయి.”

“అయితే బిగబట్టండి. గంట పనే.”

టోపీకి కట్టాను. బరువుకి టోపీ ముక్కు మీదికి దిగి, నా మూతి ఒక్కటే దివ్యంగా వెలిగింది.

అప్పుడు తట్టింది అసలు సంగతి. తల చుట్టూ ట్యూబు పట్టీ, నుదుటి మీద టార్చి. తల ఎటు తిరిగితే వెలుగు అటే.

“నీ తలకి కడతా, రా.”

“నా తలతో నాకు పనుంది. మీ తలకే కట్టుకోండి.”

పట్టీకి అతుకు వేస్తే తల దూరడం లేదు. అందుకని పట్టీని తలకి చుట్టుకుని, దాని మీదే పంక్చర్లంటించే సొల్యూషన్ రాసి అతుకు వేశాను. అది ఆరేదాకా ఆవిడ చూస్తూ నిలబడింది.

“బాగానే ఉంది. తీయడం ఎలా?”

“ముందు బిగింపు చూడు. తీయడం సంగతి తర్వాత.”

టార్చి అద్భుతంగా పనిచేసింది. ఒకటే లోపం. నేను ఎవరితో మాట్లాడినా వాళ్లు కళ్లు మూసుకుంటున్నారు. నా మాట వింటూ కళ్లు మూసుకోవడం మా ఆవిడకి ఎప్పుడూ అలవాటే. ఫిర్యాదు మాస్టారికి కొత్త. గోడ అవతల నిలబడ్డ మనిషి, “మోటారుసైకిలు గోడెక్కించింది ఎవడ్రా!” అని కేకపెట్టి, వెనక్కి గెంతి పూలకుండీలో కూర్చున్నారు.

చీకటి పడింది. మా ఆవిడ మొహానికి వల కట్టుకుంది.

“మీరు ఆ మూల నిలబడండి. గుమ్మంలోకి మాత్రం తొంగిచూడకండి.”

“ఏం?”

“చెబితే వింటారా?”

“చెప్పి చూడు.”

“వెలుగు కనపడితే అవి...”

అప్పటికే తొంగిచూశాను.

పడుకోబోతున్న ఈగలకి నా నుదుటి మీద సూర్యుడు పొడిచాడు. తెల్లారిందనుకుని అన్నీ డ్యూటీకి బయల్దేరాయి. డ్యూటీ నా మొహం మీద.

నేను పరిగెత్తాను. వెలుగు నాతో వచ్చింది. వెలుగుతో పాటు అవీ వచ్చాయి.

“లైటు ఆర్పండి!”

“చేతులు ఖాళీ లేవు!”

నిజమే చెప్పాను. చేత్తో పట్టుకోనక్కర్లేని టార్చి కదా, రెండు చేతులూ మిగిలాయి. ఆ రెంటితోనూ ఈగల్ని తోలుకుంటున్నాను. పైగా మీట ట్యూబు కింద ఉండిపోయింది. సొల్యూషన్ ఎండిపోయింది. నా పనితనాన్ని నేనే మొదటిసారి తిట్టుకున్నాను.

“పరిగెత్తకండీ! గూటికి దూరమైతే తెల్లారేసరికి చచ్చిపోతాయి!”

“నేనా?”

“ఈగలు! మీకేం కాదు లెండి!”

ఆ గొంతు విని ఆగిపోయాను. గొంతులో కోపం లేదు, ఏడుపుంది. ఇన్నేళ్లలో టార్చి ఎన్ని వంకరలు తిప్పినా ఆ గొంతు వినలేదు. కుట్టేవి కుడుతూనే ఉన్నాయి. చేతులు దించేసి నిలబడ్డాను.

ఆవిడ పరిగెత్తుకు రాలేదు. నడిచి వచ్చింది. ఈగలు నెమ్మదించడానికి పొగడబ్బాతో నా మీద పొగ వదిలింది. మొహం మీదా జుట్టులోనూ ఉన్నవాటిని మెత్తటి బ్రష్షుతో చొక్కా మీదికి దించింది. దండెం మీదున్న ఎర్ర దిండుగలీబు లాగి నా తలకి తొడిగింది.

“వాటికి ఎరుపు కనపడదు,” అంది.

“నాకు ఎరుపు తప్ప ఏమీ కనపడ్డంలేదు.”

“మీకు కనపడక్కర్లేదు. కూర్చోండి.”

పెట్టె ముందు కూర్చోబెట్టి, గుమ్మం నుంచి నా ఒళ్లోకి ఒక పలక వాల్చింది. చొక్కా మీది ఈగల్ని ఆ పలక మీదికి ఊడ్చింది. ముందు ఒకటి లోపలికి నడిచింది. దాని వెనకాల ఇంకొకటి. ఆ తర్వాత బడి గంట విన్న పిల్లల్లా అన్నీ బారులు తీరాయి.

గలీబు గుడ్డ పలచన. ఆ ఎర్రటి మసకలో ఆవిడ చేతులు చూశాను. జాలీ పెట్టేటప్పుడు ఒక ఈగ కాలు అడ్డంగా ఉంటే, అది కాలు తీసుకునేదాకా ఆగింది. తాడు ముడి వేస్తే పెట్టె అదరలేదు. జన్మంతా నట్లు బిగించినవాణ్ణి, బిగింపు అంటే నాకు తెలుసు. అంత బిగింపు, అంత మెత్తదనం ఒక చేతిలోనే ఉండటం అప్పుడే చూశాను. అన్నేళ్లు వెలుగు పట్టుకుని పక్కనే నిలబడి ఏం చూశానో మరి.

“కాస్త ఎడమకి,” అని నా గడ్డం పట్టుకుని తిప్పింది. తిరిగాను. “కిందికి.” వంగాను. తిట్లు లేకుండా నాలుగు పెట్టెలూ కట్టేసింది.

బావమరిది ట్రాలీతో వచ్చాడు.

“అక్కా, ఆ చివర ఎర్రగా కూర్చున్నదేమిటి?”

“మీ బావ.”

“ఆయన్ని కూడా తోటలో దింపెయ్యాలా?”

“పెట్టెలు దింపేటప్పుడు వెలుగు కావద్దూ!”

వాడు నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి సంతోషపడ్డాడు. “బావా, ట్రాలీకి వెనక లైటు పోయింది. నువ్వు వెనకే కూర్చో. అటు తిరిగి.”

కూర్చున్నాను. దారంతా వెనక వచ్చిన బళ్లు నాకు బాగా ఎడం ఇచ్చి నడిచాయి. అంత గౌరవం షాపులో ఎప్పుడూ దొరకలేదు.

పొద్దున తోటలో జాలీలు తీయగానే ఈగలన్నీ అసలు సూర్యుడి కోసం బయటికి వచ్చాయి. మా ఆవిడ వాటిని చూసి మొహం మీది వల ఎత్తి నవ్వింది. తిరిగి నవ్వడానికి నా మొహం మీద చోటు లేదు, అంతలా వాచింది.

ఇంటికొచ్చాక కత్తెరతో ట్యూబు కత్తిరించి, గోటితో ఈగలు దింపిన ఒక్కొక్క ముల్లూ గీకి తీస్తూ, వాళ్ల అక్కతో ఫోన్లో మాట్లాడింది. ఆవిడా తేనెటీగల మనిషే.

“చాలా బాగుందక్కా. చేత్తో పట్టుకోనక్కర్లేదు. గడ్డం పట్టుకు తిప్పితే ఎటు కావాలంటే అటు వెలుగు. నీ పెట్టెలు మార్చేటప్పుడు పంపిస్తాలే.”

కుదరదందామని నోరు తెరవబోయాను. వాచిన పెదవులు విడిపడలేదు. ఆవిడ ముల్లు తీయడం ఆపి, నా గడ్డం పట్టుకుని తల పైకీ కిందికీ ఆడించింది.

“ఆయన కూడా సరేనంటున్నారక్కా.”