స్వెట్టరుకు వలముడి

ఆ ఉదయం ముసలాయన ఒక నిర్ణయానికొచ్చాడు. పైసా ఖర్చులేని విద్య ఒకటి నేర్చుకుని పొద్దుపుచ్చాలి. నలభై ఏళ్ళు రేవులో వలలు బాగుచేసిన మనిషాయన. ఆయన ముడేసిన వలలో పడ్డ చేప తప్పించుకోవాలంటే ఇంకో జన్మ ఎత్తాల్సిందేనని రేవంతా చెప్పుకునేది. చూపు మందగించి పని మానేశాడు. భార్య పోయి నాలుగు నెలలు. అప్పటినుంచీ ఇంట్లో గోడగడియారానికీ ఆయనకూ ఒకటే పని, అదైనా టిక్కుమనేది.

"ఖర్చెందుకు నాన్నా, అమ్మ అల్లిక బుట్ట ఉందిగా. సాయంత్రం పిన్ని వస్తుంది, నేర్పిస్తుంది" అంది కూతురు ఫోన్లో.

బుట్టలో సగం అల్లిన బూడిదరంగు స్వెట్టరుంది. ఆయన కోసం మొదలుపెట్టిందే. వెన్ను, ఛాతీ, మెడపట్టీ, ఒక చెయ్యి అయ్యాయి. భార్య చేతుల్లోంచి చివరిగా దిగిన వస్తువు అది. మిగతాది ఆవిడ చెల్లెలొచ్చి పూర్తిచేస్తానంది. ఛాతీ దగ్గర ఒక కుట్టు జారి, వేలు దూరేంత కన్నం పడింది.

"ఓస్, ఇంతేనా! మరదలొచ్చేలోగా నేనే సరిచేస్తా" అనుకున్నాడు. వల చిరిగితే ముందు కన్నం చుట్టూ పీలికల్లేకుండా కోసి, ఆ తర్వాతే ముడులెయ్యాలి. పడవ ఎక్కనివాడికి కూడా తెలిసిన సంగతి. కత్తి తీసి చక్కగా గుండ్రంగా కోశాడు.

వలలో ప్రతి కన్నూ ముడి మీద నిలబడుతుంది. ఊలు అల్లికలో ముడే ఉండదు. ఒక కుట్టు పక్క కుట్టును నమ్ముకుని బతుకుతుంది. ఈ సంగతి బోధపడేసరికి కన్నంలో పిడికిలి పట్టింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసేసరికి తల పట్టేలా ఉంది.

ఎదురువీధి దర్జీ దగ్గరికి పరుగెత్తాడు.

"ఇదేం పని తాతా, ఎవరు కోశారు దీన్ని?"

"నేనే. బాగుచేద్దామని."

"బాగానే చేశావు! ఇలా తే, ఈ కొస ఎక్కడిదో చూద్దాం" అంటూ దర్జీ ఒక్క లాగు లాగాడు. చెయ్యి మొత్తం ఊడి ఒళ్ళోకొచ్చింది.

"చాల్లే నాయనా, నీకో దణ్ణం!" మిగిలినదాన్ని గుండెకు హత్తుకుని ముసలాయన ఇంటిముఖం పట్టాడు. కొస మిషను చక్రానికి చుట్టుకుందని ఇద్దరూ చూడలేదు. ఆయన ముందు నడిచాడు, వెనకాలే స్వెట్టరు వీధి పొడవునా పరుచుకుంటూ వచ్చింది. కూరగాయల బండి కొంత చక్రానికి చుట్టుకుని మలుపు తిరిగిపోయింది. గుమ్మమెక్కి చూసుకుంటే చేతుల్లో మిగిలింది జానెడు మెడపట్టీ.

ఆ మధ్యాహ్నమంతా వంగి వీధిలో ఊలు ఏరుకున్నాడు. చూసినవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తప్పు వాళ్ళది కాదు. అది ఎవరి వేళ్ళ మీదుగా వచ్చిన ఊలో వాళ్ళకేం తెలుసు?

ముక్కకు ముక్క ముడేసి, చేతనైన పద్ధతిలోనే అల్లాడు. మరదలు గుమ్మంలోకొచ్చేసరికి ఆయన ఒళ్ళో బూడిదరంగు వల ఉంది.

"బావా, స్వెట్టరేదీ?"

"ఇదే."

"దీన్ని తొడుక్కుంటావా, సముద్రంలో వేస్తావా?" అని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"మీ అక్క చివరి పని అమ్మాయ్. చేజేతులా నాశనం చేశాను."

మరదలు పక్కన కూర్చుంది. "చివరిదేంటి బావా, ఏడేళ్ళుగా ఇదే స్వెట్టరు. రెండో చెయ్యి దగ్గరికి రావడం, మొత్తం విప్పెయ్యడం, మళ్ళీ మొదలెట్టడం. ఇదేం పిచ్చే అని అడిగితే ఏమందో తెలుసా? 'అయిపోతే నాకు పొద్దెలా పోతుందే? మీ బావ నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయిగా' అంది."

ముసలాయన ఒళ్ళోని వలకేసి చూశాడు.

"ఎప్పుడిస్తావని ఒక్కసారైనా అడుగుతావేమోనని చూసింది బావా."

ఆయన వల మడతలు సర్దాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. తుఫానులో పడవలు రాని రోజు తను ఎంత భయపడ్డాడో, ఆవిడ పంపిన క్యారియరు విప్పినప్పుడల్లా పక్కవాళ్ళు ఎంత కుళ్ళుకునేవాళ్ళో, ఆ బూడిదరంగు తనకెంత ఇష్టమో, అన్నీ ఒకదాని వెనక ఒకటి, ఆవిడ కూర్చునే కుర్చీకేసి చూస్తూ చెప్పుకుపోయాడు.

ఆ రోజు మరదలు రెండు బస్సులు వదులుకుంది. అల్లిక పాఠం ఊసే రాలేదు.